నాకు తెలుగు రాదనుకున్న కుటుంబం

ఉద్యోగ విరమణకు రెండేళ్ల ముందు, జూన్ మొదటి వారంలో, నన్ను కోయంబత్తూరు ఆర్.ఎస్. పురం దగ్గరున్న ఒక ధర్మాసుపత్రి కౌమార విభాగానికి బదిలీ చేశారు. హోదా సీనియర్ సైకియాట్రిక్ సోషల్ వర్కర్. ఈ ఉద్యోగం ఏమిటో చాలామందికి తెలియదు. మేము డాక్టర్లం కాము, మందులు రాయము. పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లలు బడి మానేసినా, తిండి మానేసినా, వాళ్లను మాత్రమే కాకుండా తల్లిదండ్రులనూ ఒకే గదిలో కూర్చోబెట్టి మాట్లాడించడం మా పని. దాన్ని ఫ్యామిలీ థెరపీ అంటారు. ఒకరు మాట్లాడిస్తారు. ఇంకొకరు మూల కూర్చుని ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారో, ఎవరు మాట్లాడుతుంటే ఎవరు తల దించుకున్నారో రాసుకుంటారు. నాతో ఆ రాసే పనిలో ఉన్నది ప్రవీణ్ అనే యువ సైకాలజిస్టు. తిరునెల్వేలి అబ్బాయి, తెలుగు ముక్క రాదు.

నా పేరు కయల్విళి. మాది తమిళనాట చిన్నమనూరు. తాతముత్తాతల కాలం నుంచీ ఇంట్లో తెలుగే. మా నాయన బడిలో తమిళం చెప్పే అయ్యవారు కనుక నాకా తమిళ పేరు పెట్టారు. గది తలుపు మీద ఆ పేరు చూసి, నా తమిళం విని, వచ్చినవాళ్లంతా నన్ను తమిళావిడే అనుకునేవారు. నేనూ దిద్దేదాన్ని కాదు.

ఆ ఆగస్టులో గోవిందరాజులు కుటుంబం వచ్చింది. ఆయనకు నీటి మోటార్ల విడిభాగాల దుకాణం ఉంది. భార్య వసంత పుట్టిల్లు మదురై. ఒక్కగానొక్క కూతురు దీపిక, పదో తరగతి. రెండు నెలలుగా పిల్ల బడికి సరిగ్గా పోవడం లేదు. పొద్దున కడుపునొప్పి అంటుంది, పది గంటలకల్లా తగ్గిపోతుంది. స్కానింగులన్నీ బాగానే వచ్చాయి. మాటలన్నీ తమిళంలోనే జరిగాయి.

మొదటి సెషన్‌లో గోవిందరాజులు కుర్చీలో కుదురుగా కూర్చోలేదు. ఫోను తీసి నా ముందు పెట్టారు. ఇంటి హాల్లో ఆయన కెమెరా బిగించి, దుకాణంలోంచి చూస్తుంటారట. "చూడండి మేడం. నేను ఇల్లు దాటగానే ఇది వంటింట్లోకి పోతుంది. గంట దాకా బయటికి రాదు. వంటింట్లో కెమెరా లేదని దానికి తెలుసు. అక్కడ ఎవరితో మాట్లాడుతోంది?" అన్నారు. ఇంకో సంగతి కూడా చెప్పారు. దుకాణంలో పనిచేసే మనిషి ఒక శనివారం సింగానల్లూరు బస్టాండులో దీపికను చూశాడు. మదురై నుంచి వచ్చిన బస్సు కండక్టరు దగ్గర ఆ పిల్ల చిన్న పొట్లం ఒకటి తీసుకుని సంచిలో దాచుకుంది. అడిగితే నోరు విప్పలేదు. మొదట ప్రేమ వ్యవహారం అనుకున్నారాయన. ఇప్పుడు మత్తు మాత్రలేమో అని భయపడుతున్నారు. ఆయన కోరిక మీద మూత్ర పరీక్ష చేయించాం. ఏమీ బయటపడలేదు. ఆయన నమ్మలేదు.

అనుమానించేవాడినే అనుమానించడం మా వృత్తిలో ఒక అలవాటు. కూతుర్ని కెమెరాతో కాపలా కాసే తండ్రిని చూడగానే నా మనసు అటే పోయింది. దానికి తోడు దీపిక ముంజేతి మీద ఒక మచ్చ కనబడింది. వేలెడు పొడవు, తిన్నగా ఉంది. కాల్చిన అట్లకాడతో పెట్టిన వాత అలాగే ఉంటుంది. అంతకు ముందు అలాంటివి చూశాను.

రెండో సెషన్‌లో కుటుంబ పటం గీశాం. మూడు తరాలవాళ్లను ఒక కాగితం మీదికి ఎక్కిస్తాం. మగవాళ్లకు చతురస్రం, ఆడవాళ్లకు వృత్తం. చావులు, పెళ్లిళ్లు, జబ్బులు అన్నీ రాస్తాం. అమ్మ తరఫున పెద్ద జబ్బులేమైనా ఉన్నాయా అని అడిగితే వసంత వెంటనే లేవంది. దీపిక తల్లి ముఖంలోకి ఒకసారి చూసి తల దించుకుంది. తర్వాత ఒక ప్రశ్న వేశాను: అమ్మకు ఒంట్లో బాగాలేకపోతే ఇంట్లో ముందు ఎవరికి తెలుస్తుంది? ఇలా ఒకరి సంగతి మరొకరిని అడిగితే, నేరుగా అడిగినప్పుడు రాని జవాబులు వస్తాయి. "నాకే" అన్నారు గోవిందరాజులు. దీపిక చిన్నగా నవ్వింది. అది సంతోషంతో వచ్చిన నవ్వు కాదు.

అంతలో ఆయనకు దుకాణం నుంచి ఫోనొచ్చి బయటికి వెళ్లారు. నేను పటం మీద ఏదో రాస్తున్నాను. వసంత కూతురి వైపు వంగి, గొంతు తగ్గించి, తమిళం కలిసిన తెలుగులో అంది:

"ఆ సంగతి ఈడ నోరెత్తొద్దు కణ్ణూ. నాయనకి తెలిస్తే మన్ని బతకనియ్యడు."

"ఆయమ్మ నా చెయ్యే చూస్తా ఉండాది" అంది దీపిక, చొక్కా చేతిని కిందికి లాక్కుంటూ.

"చూడనీ. దోసె పోసేటప్పుడు కాలింది అని చెప్పు. మెదలకుండా సుమ్మ ఉండు."

నేను తల ఎత్తలేదు. అప్పుడే "నాకు తెలుగు వస్తుందమ్మా" అని ఒక్క మాట అనాల్సింది. అనలేదు. ఎవరూ వినడం లేదనుకుని మనిషి అనే మాటే నిజమైన మాట అని నాకు నేను చెప్పుకున్నాను. మూడో సెషన్‌లో ఇంకొంచెం దురాశకు పోయాను. తల్లీకూతుళ్లను పక్కపక్కనే కూర్చోబెట్టి, ప్రవీణ్‌తో మాట్లాడుతున్నట్టు నటిస్తూ చెవులు వాళ్ల దగ్గర పెట్టాను. ఆ రోజు విన్నది ఇంకా పదునుగా ఉంది. "ఇంక నా వల్ల కాదు అమ్మా, చెప్పేస్తాను" అని కూతురు. "చెప్తే నేను మదురైకి పోవాల్సిందే దా. మళ్లీ రానియ్యరు" అని తల్లి. తమిళం నుంచి వచ్చిన ఆ 'దా' మా తెలుగులో మాటను నొక్కి చెప్పడానికి.

నా అనుమానం గట్టిపడింది. తండ్రి పిల్లను హింసిస్తున్నాడు, తల్లి భయపడి కప్పిపుచ్చుతోంది అని తేల్చుకున్నాను. మా విభాగం నియమం ప్రకారం, పిల్లల మీద హింస జరుగుతోందన్న బలమైన అనుమానం ఉంటే బాలల సంక్షేమ సమితికి లిఖితపూర్వకంగా తెలియజేయాలి. ఆ నివేదిక రాయడానికి కూర్చున్నాను. ఎవరు ఏమన్నారు, ఎవరితో అన్నారు, ఏ పరిస్థితిలో అన్నారు అని అందులో ఒక గడి ఉంటుంది. అక్కడ కలం ఆగింది. ప్రవీణ్ నోట్సు తెచ్చి చూపించాడు. వాటిలో నేను రాయబోతున్న మాటల్లో ఒక్కటీ లేదు. "తల్లీకూతుళ్లు గుసగుసలాడుకున్నారు, భాష తెలియలేదు" అని మాత్రమే ఉంది. "మేడం, మీకు అర్థమైనట్టు వాళ్లకు తెలుసా?" అని అడిగాడు. తెలియదన్నాను. అతడు నోట్సు మూసి పెట్టాడు. నాకంటే ముప్పై ఏళ్లు చిన్నవాడు. ఆ ప్రశ్న నాకు ఇబ్బందిగానే అనిపించింది.

నివేదిక పక్కన పెట్టాను. నాలుగో సెషన్‌కు తల్లీకూతుళ్లను మాత్రమే రమ్మన్నాను. వాళ్లు కూర్చోగానే తెలుగులో చెప్పాను: "నాకు తెలుగు వస్తాది. మా ఇంట్లో కూడా ఇదే దా మాట్లాడేది. మొదటినించీ మీ మాటలు వింటా ఉండాను. చెప్పకుండా విన్నాను. అది నా తప్పు."

వసంత సంచీ ఒళ్లోకి లాక్కుంది. దీపిక నా వైపు తిరిగింది.

"మా నాయన కెమెరా పెట్టినాడు. మీరు చెవి పెట్టినారు" అంది. లేచి బయటికి వెళ్లిపోయింది.

వసంత కూడా వెంటనే లేచింది. వెళ్లేలోపు నేను చెప్పవలసింది చెప్పాను. పిల్ల చేతి మీద మచ్చ గురించి నాకు అనుమానం ఉంది, అది వాళ్లాయన మీద ఉంది, మరో వివరణ దొరక్కపోతే వారం రోజుల్లో సమితికి రాయక తప్పదు. ఇది బెదిరింపు కాదు, నా విధి. ఆమె చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది.

ఇక రారనే అనుకున్నాను. మీరు చెడగొట్టారు అని ప్రవీణ్ అనలేదు కానీ అతని ముఖం చూస్తే తెలిసింది. ఆ గురువారం వాళ్ల కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. సోమవారం పొద్దున, అపాయింట్‌మెంటు లేకుండా, వసంత ఒక్కతే వచ్చింది. ఒక్కతే అని నేననుకున్నాను. కూతురు కూడా అదే టౌను బస్సులో వెనక సీట్లో వచ్చి, కింద మెట్ల మీద కూర్చుని ఉందని తర్వాత తెలిసింది.

"ఆయన చెయ్యెత్తిన మనిషి కాదు మేడం" అని మొదలుపెట్టింది వసంత. "ఆయన పేరు రాయొద్దండి. ఆ వాత నా వల్ల వచ్చింది."

ఆమెకు పన్నెండో ఏట నుంచి మూర్ఛ జబ్బు ఉంది. పెళ్లి సంబంధం కుదిరినప్పుడు పుట్టింటివాళ్లు దాచారు. మదురైలో చిన్నప్పటి నుంచీ చూస్తున్న డాక్టరు రాసే మాత్రలు అన్న తెచ్చి ఇచ్చేవాడు. దీపిక పుట్టాక చాలా ఏళ్లు జబ్బు కనబడలేదు. అన్నకు మోకాలి ఆపరేషన్ అయ్యాక అతను రాలేక, నెలకోసారి బస్సులో పొట్లం పంపడం మొదలుపెట్టాడు. ఒకటి రెండుసార్లు పొట్లం ఆలస్యమై మాత్రలు తప్పాయి, ఒకసారి దీపిక ఎదుటే మూర్ఛ వచ్చింది. జూన్‌లో బడి తెరిచాక ఒక పొద్దున, దోసెలు పోస్తూ వసంత మళ్లీ పడిపోయింది. పొయ్యి మీద పడకుండా దీపిక పట్టుకుంది. ఆ పట్టుకోవడంలో పిల్ల ముంజేయి కాలుతున్న పెనం అంచుకు ఆనుకుంది. తల్లిని వదిలేస్తే ఆమె మంటలో పడుతుందని చెయ్యి తీయలేదు.

ఆ రోజు నుంచీ ఆ పిల్లకు పొద్దున పూట కడుపునొప్పి. తండ్రి కెమెరాలో కనబడని ఆ గంటసేపూ వంటింట్లో తల్లి పక్కన నిలబడి ఉండేది. బస్టాండుకు వెళ్లి పొట్లం తెచ్చేది కూడా తనే. నాన్న ప్రేమ వ్యవహారం అన్నా, మత్తు మందులన్నా పడింది గానీ అమ్మ సంగతి బయటపెట్టలేదు.

నేను వసంతను భర్తతో చెప్పమని బలవంతపెట్టలేదు. ఒకరి రహస్యాన్ని మేము చెప్పకూడదు, ఆ మనిషే చెప్పాలి. కానీ సరైన డాక్టరు దగ్గరకు పోకుండా, పొట్లం కోసం బస్సు చూసుకుంటూ ఎన్నాళ్లు గడుపుతారని అడిగాను. ఎలా చెప్పాలో రెండుసార్లు అభ్యాసం చేశాం. తర్వాతి వారం మంగళవారం ముగ్గురూ వచ్చారు.

వసంత చెప్పింది. అన్నీ తెలుగులోనే చెప్పింది. గోవిందరాజులు కుర్చీ భార్య వైపు తిప్పుకున్నారు. తర్వాత ఒక్కొక్కటే అడిగారు.

"పెండ్లికి ముందే ఉండిందా?"

"ఆమా" అని తల ఊపింది వసంత.

"మీ అన్నకి తెలుసా?"

"తెలుసు."

"పాపకి?"

"నేను చూసినాను నైనా. రెండుమార్లు" అంది దీపిక. చొక్కా చేతిని పైకి మడిచి చూపించింది.

ఆయన లేచి వరండాలోకి వెళ్లిపోయారు. ప్రవీణ్ వెంట వెళ్లబోతే ఆపాను. ఇరవై నిమిషాల తర్వాత తిరిగొచ్చి నన్ను అడిగిన మొదటి మాట, "మీకు ఎన్ని దినాలుగా తెలుసు?" అని.

"ఎనిమిది దినాలు."

"అయితే అందరికన్నా కడపట తెలిసింది నాకు దా."

ఆయన మీద నాకున్న అనుమానం కూడా ఆ రోజే చెప్పాను. ఫైలులో ఉన్న సంగతి ఆయనకు తెలియకుండా ఉండకూడదు. ఆయన కోపం న్యాయమైనదే. తర్వాతి వారం విభాగం అధిపతికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చారు. తెలుగు వచ్చి కూడా రానట్టు ఉండి విన్నానని, చెయ్యని తప్పు తన మీద మోపబోయానని. అధిపతి వివరణ అడిగారు. రెండు మాటలూ నిజమేనని రాసిచ్చాను. ఆ కాగితాలు ఆ ఫైలులో ఇప్పటికీ ఉండాలి.

ఫిర్యాదు ఇచ్చారు గానీ రావడం మానలేదు. వసంతను మా ఆసుపత్రిలోనే నరాల డాక్టరుకు చూపించారు. మాత్రల మోతాదు మార్చారు. కెమెరా తీయలేదు, వంటింటి వైపు తిప్పారు. ఆమె పడితే తనకు తెలియాలట. అది వసంతకు నచ్చలేదు. ఆ ఒక్క విషయం మీద రెండు సెషన్లు నడిచాయి. చివరికి కెమెరా పోయి, గ్యాసు పొయ్యి స్థానంలో కరెంటు పొయ్యి వచ్చింది. మదురైలోని వసంత అన్నతో మాత్రం నేను అక్కడ పనిచేసినన్నాళ్లూ ఆయన మాట్లాడలేదు. అర్ధ సంవత్సర పరీక్షల నుంచి దీపిక మళ్లీ బడికి పోయింది. పబ్లిక్ పరీక్ష మామూలు మార్కులతో గట్టెక్కింది. సెషన్లన్నిటికీ వచ్చింది, అడిగినదానికి జవాబిచ్చింది. నాతో మాత్రం ఒక్క మాట కూడా తెలుగులో మాట్లాడలేదు. నేను తెలుగులో అడిగినా తమిళంలోనే జవాబు చెప్పేది. నేనూ తమిళానికి మారాను.

ఈ కేసు వల్ల నేను మార్చుకున్నది ఒక్కటే. మొదటి సెషన్‌లో చదివి వినిపించే పత్రంలో, ఇక్కడ చెప్పినవి బయటికి పోవు అన్న వాక్యం కింద, గదిలో ఉన్న మా ఇద్దరికీ ఏయే భాషలు వచ్చో రాయించాను. ఆ వాక్యం విన్నాక కొన్ని కుటుంబాలు గుసగుసలు మానేసేవి. దాంతో కొన్ని విషయాలు నాకు నెలల తర్వాత తెలిశాయి. కొన్ని తెలియనే లేదు. రిటైరయ్యే రోజు వరకూ ఆ వాక్యాన్ని పత్రంలోంచి తీయలేదు.