అంకమ్మ చెరకు పాకం

సముద్రం నడుమ దీవిలో, మాంటాన్ బ్లాంష్ అనే ఊళ్లో అంకమ్మ పేరు చెబితే జనానికి మనిషి కంటే ముందు ఆమె పాకం గుర్తొచ్చేది. చుట్టూ చెరకు తోటలున్న ఊళ్లో తీపికి కరువేముంది, ప్రతి ఇంట్లోనూ కాస్తారు. అయినా అంకమ్మ పాకం దారే వేరు. గానుగ రసంలో బెండ కాడల జిగురు కలిపి, మురికంతా పైకి తేలాక తీసేసి, పుల్ల నారింజ తొక్క, చితక్కొట్టిన అల్లం వేసి, దించే ముందు నిలువునా చీల్చిన వెనిల్లా కాయ పడేసేది. ఆ వెనిల్లా సంగతి చెప్పింది పొరుగున బండి తోలే మార్సెల్ వాళ్లమ్మ. ఆవిడ గోధుమపిండితో పల్చటి అట్లు పోసుకుని అంకమ్మ పాకంలో ముంచుకునేది. అంకమ్మ తన మినపట్లు తీసుకెళ్లి ఆవిడ పక్కన కూర్చునేది. ఒకరి భాష ఒకరికి సగమే వచ్చు. తిండి దగ్గర ఆ సగం చాలేది.

అంకమ్మ తల్లిదండ్రులు విశాఖపట్నం వైపు నుంచి కూలి ఒప్పందం మీద ఓడెక్కి ఈ దీవికి వచ్చినవాళ్లు. ఆమె పుట్టింది తోట కూలీల గుడిసెల్లో. పెళ్లయ్యాక భర్త జగ్గయ్యా తానూ ఒళ్లు హూనం చేసుకుని, ఎవరికీ అక్కర్లేని రాళ్ల చెక్క ఒకటి కొనుక్కున్నారు. రాళ్లు ఏరి గట్టున గుట్టలు పోసి చెరకు నాటారు. సొంత చెరకు మొదటిసారి నరికిన రోజున ఆమె కాచిన పాకం వీధి వీధంతా తిన్నది. అప్పట్నుంచీ అంకమ్మకు ఆ గరిటె అంటే ప్రాణం. కొడుకు శివయ్యకు ప్లేన్ మాన్యెన్ అనే ఊరి నుంచి నరసమ్మను కోడలిగా తెచ్చుకుంది. ఇల్లంతా అప్పజెప్పింది గానీ పాకం గరిటె మాత్రం ముట్టుకోనివ్వలేదు. కోడలు నోరులేని పిల్ల. అంకమ్మకు కోపం ముక్కు మీదే ఉండేది. అందుకని ఇంట్లో పెద్ద గొడవలేవీ రాలేదు, ఒకరు అరవడం ఒకరు వినడం అంతే.

పంతొమ్మిది వందల పంతొమ్మిదిలో విషజ్వరం వచ్చి దీవినంతా ఊడ్చేసింది. అంకమ్మ ఇంట్లో తల్లీకొడుకులిద్దరూ మంచాన పడ్డారు. ఎవరి పుణ్యమో ఇద్దరూ లేచి కూర్చున్నారు. కాకపోతే శివయ్యకు దగ్గు మిగిలిపోయింది, అంకమ్మకు వాసనా రుచీ పోయాయి. మొదట్లో పథ్యం కూడు వల్ల నోరు చచ్చిందనుకుంది. ఒకనాడు పెరట్లో పుల్ల నారింజ ఆకు నలిపి ముక్కు దగ్గర పెట్టుకుంటే ఉత్త గాలి పీల్చినట్టుంది. అక్కడే చెట్టు కింద చతికిలపడి ఏడ్చింది.

ఎవరికీ చెప్పలేదు. పాకం కాచలేని అంకమ్మను ఈ ఊళ్లో ఎవరు లెక్కపెడతారు? చెబితే రేపు గరిటె పోతుంది, ఎల్లుండి పీట ఓ మూలకు పోతుంది. అదీ ఆమె భయం. అందుకే ఉప్పు చేత్తో కొలుచుకుంటూ, పోపు చిటపటలు వింటూ వంట నెట్టుకొచ్చింది. ఇంతలో కోడలు "నువ్వు కూకో అత్తా, కూర నాను సూత్తాను" అనడం మొదలెట్టింది. పొయ్యి లాక్కోవడానికే అంటోందని అంకమ్మ లోలోపల ఉడికిపోయింది.

అట్లతద్ది వచ్చింది. భర్తలు చల్లగా ఉండాలని ఆడవాళ్లు పగలంతా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా ఉండి, చంద్రుడు కనబడ్డాక గౌరమ్మకు అట్లు నైవేద్యం పెట్టి తినే పండుగ. ఆ చుట్టుపక్కల తెలుగువాళ్లంతా ఏటా అంకమ్మ ఇంట్లోనే చేరేవారు. అట్లు ఎవరైనా పోయొచ్చు, పాకం మాత్రం ఆమెదే. దేవతకు పెట్టకముందు నైవేద్యం ఎవరూ రుచి చూడకూడదు, చూస్తే ఎంగిలి. పైగా అందరిదీ ఉపవాసం. ఈ ఆచారం తన గుట్టు కాపాడుతుందని అంకమ్మ ధైర్యం తెచ్చుకుంది. పాపం, కాపాడేదీ ముంచేదీ అదే అని ఆ పూట ఆమెకు తోచలేదు.

మధ్యాహ్నం తిరిగాక రసం పొయ్యి మీదికెక్కింది. ముందు వాకిట్లోకి ఆడవాళ్లు ఒక్కొక్కరే వస్తుంటే సాంబ్రాణి వేసి, పసుపు రాసి, కబుర్లలో పడి అంకమ్మ కాస్త ఆలస్యంగా లోపలికొచ్చింది. గరిటెతో తీసి వేళ్ల మధ్య సాగదీస్తే తీగ బాగానే వచ్చింది. రంగు కొంచెం ముదిరింది, పర్వాలేదనుకుంది. వెనిల్లా కాయ పడేసి, దించి మూత పెట్టేసింది. పెరటివైపు పిండి రుబ్బుతున్న నరసమ్మ అప్పుడే లోపలికొచ్చి, పొయ్యి దగ్గర నిలబడిపోయింది. అత్త ముఖంలోకి చూసింది, మూత వైపు చూసింది.

ఆ వెనకే సాంబ్రాణి పొగకు ముక్కు తుడుచుకుంటూ అప్పలమ్మ వచ్చింది. ఊళ్లో వయసులోనూ నోటిలోనూ ఆమెదే పైచేయి.

"ఏదీ, ఈయేటి పాకం ఎలాగొచ్చిందో సూడనీ అంకమ్మా" అంటూ మూత మీదికి వంగింది.

నరసమ్మ గబుక్కున మూత మీద చెయ్యి పెట్టింది. "అది అమ్మోరికి పనికిరాదు అత్తా. మర్సిపోయి ఏలు ముంచి నాకేసినాను."

ఆ మాటకు వాకిట్లో ఆడవాళ్లంతా వంటింటి గుమ్మంలో మూగారు. ముందుగా అందుకున్నది అప్పలమ్మే. "మొగుడికి దగ్గింకా తగ్గనేదు. ఉపాసం నాడు ఏలు నాకేత్తావేటే? రేపు ఆడికేటైనా అయితే ఎవుల్ది పాపం?"

అంకమ్మకు తల కొట్టేసినట్టయింది. "ఇంత ఆబేటే నీకు? నా సేతి పాకం ఎంగిలి సేసినావు. ఎల్లు, ఈ గడప తొక్కకు" అని అందరి ముందూ కోడల్ని దులిపేసింది. నరసమ్మ తల వంచుకుని పెరటి మెట్టు మీదికి పోయి కూర్చుంది.

కళాయి రెండు చేతులా పట్టుకుని అంకమ్మ చెరకు గట్టు దాకా మోసుకెళ్లి వొంపింది. పాకం చిక్కగా జారి, చివర్లో నల్లటి పెచ్చులు రాలాయి. అడుగున ఇంకా పెద్ద అట్ట కరుచుకుని ఉంది. గోటితో గీకితే మసి. అంకమ్మ కళాయిలోకి ముఖం పెట్టి గట్టిగా పీల్చింది. ఏమీ తెలియలేదు.

పాకం మాడిపోయింది. నరసమ్మ ఏమీ నాకలేదు. పెరట్లోంచే మాడు వాసన పట్టి ఉంటుంది, అత్తకు తెలియలేదని కూడా పట్టి ఉంటుంది. ఈ రోజే కాదు, కూర నాను సూత్తానన్న నాడే పట్టేసింది. మూత తీసి ఉంటే ఊరందరి ముందూ తన పరువు గంగలో కలిసేది. దాన్ని ఆపడానికి ఆ పిల్ల తన నోము చెడగొట్టుకున్నానని తనే చెప్పుకుంది, దగ్గే మొగుణ్ని ఇంట్లో పెట్టుకుని మరీ. అంకమ్మ కళాయి పక్కన పెట్టి ఆ గట్టు మీదే కూర్చుంది. కన్నతల్లి ఉంటే ఇంత చేసేదా అనిపించింది.

కుండలో మిగిలిన రసం మళ్లీ పొయ్యెక్కింది. ఈసారి అంకమ్మ పొయ్యి ముందు నుంచి కదల్లేదు. వెనక మెట్టు మీంచి మెల్లగా మాట వినబడింది. "ఒక కర్ర లాగెయ్యి అత్తా." అంకమ్మ లాగేసింది. కాసేపటికి, "ఇప్పుడు కాయ ఎయ్యి." వేసింది. "దించెయ్యి." దించేసింది.

"ఎంగిలి సేసి పైగా పెత్తనమా" అని అప్పలమ్మ గొణిగింది. అంకమ్మ కళాయి మీద మూత పెట్టింది.

చంద్రుడు కొండ మీదికొచ్చాక పసుపు గౌరమ్మ ముందు అందరూ వరసగా కూర్చున్నారు. నరసమ్మ మాత్రం లోపలికి రాకుండా గడప అవతలే నిలబడింది. పూజ మొదలెట్టబోతే అంకమ్మ లేచింది.

"నరసమ్మ వొచ్చి కూకోవాల" అంది.

"నోము సెడిందానికి పూజేటి?" అంది అప్పలమ్మ.

"సెడనేదు. అది ఏలు ముట్టించనేదు. పాకం మాడగొట్టింది నాను." అంకమ్మ వరసలోని వాళ్లందరి వైపూ తిరిగింది. "నాకు వోసన తెలవదు. రుసీ తెలవదు. జరంతో పోనాయి. మీకు సెబితే నన్ను తీసి పక్కనెట్టేత్తారని దాసినాను. దాని కడుపు సల్లగుండ, నా కోసరం అది మాట పడింది."

ఎవరూ నవ్వలేదు, ఎవరూ ఆమెను తీసి పక్కన పెట్టలేదు. జ్వరం ఆ వరసలో ప్రతి ఇంటినుంచీ ఏదో ఒకటి తీసుకుపోయిందే. అప్పలమ్మ ఆ నెలల్లో తమ్ముణ్ని పోగొట్టుకుంది. కొంచెం జరిగి పక్కన చోటిచ్చి, "రాయే గుంటా" అంది నరసమ్మతో.

పూజయ్యాక వాయనాలు మొదలయ్యాయి. అట్లు కొంగు కింద పట్టుకుని పెద్ద ముత్తైదువకు ఇచ్చి కాళ్లకు దణ్ణం పెట్టడం ఆనవాయితీ. అంకమ్మ తన అట్లు, గిన్నెడు పాకం పట్టుకుని పెద్దవాళ్లందరినీ దాటుకుంటూ వెళ్లి కోడలి ముందు నిలబడింది.

"ఇస్తినమ్మ వాయనం" అంది.

నరసమ్మ వెనక్కి తగ్గింది. "నాకా అత్తా? నాను సిన్నదాన్ని."

"ఇస్తినమ్మ వాయనం" అంది అంకమ్మ మళ్లీ. కళ్లు తుడుచుకోవాలంటే చేతులు ఖాళీ లేవు.

"పుచ్చుకోవే, ఆకలేత్తంది" అంది వెనకనుంచి అప్పలమ్మ.

"పుచ్చుకుంటినమ్మ వాయనం" అంది నరసమ్మ. అత్త వంగబోతుంటే మధ్యలోనే రెండు భుజాలూ పట్టుకుని ఆపేసింది.

ఇద్దరూ పెరటి మెట్టు మీద కూర్చుని తిన్నారు. అంకమ్మకు అట్టు మెత్తదనం, పాకం వెచ్చదనం తప్ప మరేమీ తెలియలేదు. అయినా ఇంత తృప్తిగా తిన్న రోజు ఆమె ఎరగదు. సగం తిన్నాక అడిగింది.

"ఎలాగుందే పాకం?"

నరసమ్మ ఇంకో ముక్క ముంచుకుని, నోట్లో పెట్టుకుని చప్పరించింది.

"అల్లం ఎక్కువైనాది అత్తా."

ఆ మాట ఇంతకు ముందెన్నడైనా అని ఉంటే అంకమ్మ ఇల్లు పీకి పందిరేసేది. ఇప్పుడు కోడలి విస్తట్లో ఇంకో అట్టు వేసింది.

"ఐతే రేపు నువ్వు కాయి. నాను పక్కన కూకుని మంట సూత్తాను."