బిలాస్‌పూర్‌లో కంగారూ

ఏ సంగతైనా సగం తెలిస్తే చాలు, మిగతా సగాన్ని నోరే చూసుకునే వయసొకటి ఉంటుంది. నాకది పంతొమ్మిదో ఏట వచ్చింది. రెండో యుద్ధం ఇంకా మొదలుకాని ఆ రోజుల్లో, బిలాస్‌పూర్ లోకో షెడ్‌లో బొగ్గు గుట్టల దగ్గర గుమాస్తాగా ఉండేవాణ్ని. ఒకనాడు బొగ్గుతోపాటు ఒక రాతి పలక వచ్చింది. దాని మీద ఈనెలతో సహా ఆకు అచ్చు. గనులు పరీక్షించడానికి వచ్చిన దొర ఒకాయన దాన్ని చూసి మురిసిపోయి, "ఇదే ఆకు ఆస్ట్రేలియా బొగ్గులోనూ ఆఫ్రికా బొగ్గులోనూ దొరుకుతుంది. ఒకప్పుడీ నేలలన్నీ ఒకే ముక్క. దానికి మీ ఇక్కడి గోండుల పేరుమీదే గోండ్వానా అని పేరు" అన్నాడు. ఇంకా ఏదో చెప్పబోతుంటే భోజనం కూత వేశారు. నేను వెళ్లిపోయాను. (ఆ పూట ఆకలి కాస్త ఆగి ఉంటే నాకు ఇంత అప్రతిష్ఠ వచ్చేది కాదు.)

సాయంత్రం పెదనాన్న క్వార్టరు వరండాలో పదిమందీ చేరగానే విప్పాను. నన్ను పెంచిన పెదనాన్న మెయిల్ బండికి గార్డు. నా చదువంటే ఆయనకు గురి. "నేల కలిసి ఉన్నప్పుడు జంతువులు మాత్రం గిరిగీసుకుని కూర్చుంటాయా? ఆస్ట్రేలియాలో కంగారూలున్నాయంటే మన అడవుల్లోనూ ఉండి తీరాలి" అన్నాను. "పేరులోనే కంగారుంది, అదేటి జంతువురా?" అంది పెదనాన్న భార్య, మా దొడ్డ. మనిషంత ఎత్తుంటుందనీ, రెండు కాళ్లూ కలిపి గెంతుతుందనీ, పొట్టకి సంచీ ఉంటుందనీ దగ్గరుండి చూసినట్టే చెప్పాను.

వారం తిరిగేసరికి రైల్వే కాలనీలో ఏం జరిగినా దాని పనే. ఆరేసిన చీర చిరిగితే కంగారూ. కోడి కనబడకపోతే కంగారూ. పక్కనున్న లింగియాడీహ్ ఊరి నుంచి పాలు పోసేవాడు, పాలు పల్చబడ్డాయేమని అడిగితే, ఆవు దాన్ని చూసి జడిసిపోయిందన్నాడు. "అచ్ఛా, అయితే మనమే పట్టీయాల" అని పెదనాన్న రైల్వే ఇన్‌స్టిట్యూట్ టెన్నిస్ నెట్ విప్పించుకొచ్చాడు.

ఇక్కడ నా సొంత గొడవ ఒకటి చెప్పాలి. శ్రీకాకుళం వైపు చిన్న స్టేషనులో మాస్టరుగారి అమ్మాయిని నాకు అనుకుంటున్నారు. ఫొటోలో చూసిన ఆ పిల్ల మీద నేనప్పటికే ఆశలన్నీ పెట్టుకున్నాను. ఆయన ఆదివారం వచ్చి, నన్ను చూసి, మాటిస్తానని రాశారు.

శనివారం మిట్టమధ్యాహ్నం, మండే ఎండలో, తోర్వా పేట పక్క రైలు కట్ట దగ్గర తొమ్మిదిమందిమి నెట్ పట్టుకుని పొదలో కూర్చున్నాం. దూరాన సిగ్నలు దగ్గర ఏదో బండి ఆగిపోయి ఉంది. అటునుంచి, వేడికి గాలి అల్లాడుతుండగా, మనిషంత ఎత్తు జంతువొకటి గెంతుకుంటూ వస్తోంది. పొట్టకి సంచీ. తలమీద నిక్కబొడుచుకున్న రెండు చెవులు. "అదే! అదే!" అని అరిచింది నేనే. నెట్ విసిరేశారు.

"ఓలమ్మో! ఏటర్రా ఇది? నన్నిడిచీండ్రా!" అంది జంతువు.

"కంగారూ తెలుగు మాటాడతాందిరో!" అన్నాడొక ఫైర్‌మన్.

"మాటాడదేటి? నేలంతా ఒకటిగా ఉన్నప్పుడు నేర్సుకునుంటాది. మన సికాకోలు యాసే, ఇన్లేదా?" అన్నాడు పెదనాన్న గర్వంగా.

ఆ పెనుగులాటలో సంచీ పిగిలి మామిడి తాండ్ర చుట్టా, దాని వెనకే నా ఫొటో కింద పడ్డాయి. పెదనాన్న ఆ ఫొటో వంకా, నా వంకా, నెట్ వంకా మూడుసార్లు చూశాడు. ఒకరోజు ముందే బయలుదేరిన స్టేషన్ మాస్టరుగారు, బండి ఎంతకీ కదలకపోతే దిగి నడక మొదలుపెట్టారట. చెప్పు తెగింది. కంకర కాలిపోతుంటే పట్టాల కింది చెక్క స్లీపరు మీంచి స్లీపరు మీదికి కాళ్లు కలిపి గెంతుతున్నారు. చెవులు ఆయన తలకి కట్టుకున్న తువ్వాలు కొసలు.

ఇంట్లో మజ్జిగ తాగి, బొబ్బలెక్కిన పాదాలు నీళ్లలో పెట్టుకుని, "ఇక్కడ కంగారూలున్నాయన్న పెద్దమనిషెవరు?" అన్నారాయన. అందరి వేళ్లూ నామీదికే తిరిగాయి. "నేల కలిసే ఉంటే మరి ఆస్ట్రేలియాలో ఉన్నవి ఇక్కడెందుకు లేవు బాబూ?" నోరు తెరిచాను. మొట్టమొదటిసారి ఏమీ రాలేదు. "కనుక్కురండి. అందాకా సంబంధం మాటెత్తొద్దు."

ఇంకా సైడింగులోనే ఆగి ఉన్న దొర రైలుపెట్టె దాకా పరిగెత్తాను. జరిగింది విని దొర కళ్లనీళ్లు తుడుచుకుంటూ నవ్వి, "ఆ ఆకుల కాలంలో ఈ నేలలు కలిసే ఉన్నాయి. కంగారూల జాతి అక్కడికి చేరేసరికే మీ నేల విడిపోయి దూరమైపోయింది. ఆరోజు నేను చెప్పబోయిందదే" అన్నాడు. వచ్చి అప్పజెప్పాను. మాస్టరుగారు పాదాలు నీళ్లలోంచి తీసి తువ్వాలుతో తుడుచుకున్నారు.

"అంటే పాసింజర్లు ప్లాట్‌ఫారం మీదకి రాకముందే బండి ఎల్లిపోనాదన్నమాట."

"అవునండి."

"మరి అలా సెప్తే తెలుస్తాది కదా" అని, తాండ్ర ముక్క తుంచి నా చేతిలో పెట్టారు. పెళ్లి ఆ వచ్చే నెలలోనే అయింది.

పంతొమ్మిదేళ్ల ఆ కుర్రాడికి తెలియని సంగతులు కొండంత ఉండేవి గానీ, ఎవరేది అడిగినా 'తెలియదు' అనే మాట మాత్రం నోట పలికేది కాదు. ఇప్పుడు నాకా మాట చక్కగా వచ్చు. అడిగేవాళ్లే లేరు.