కామా దగ్గర తప్పిపోయిన డబ్బాలు

ఆ రోజుల్లో నాకు మనుషుల మీద నమ్మకం తక్కువ, నేను రాసిన కోడు మీద ఎక్కువ. గోదావరిఖనిలో కిరాణా కొట్టు గల్లా పక్కన పెరిగినవాణ్ని. తూకం వేసేవాడి వేలు ఎక్కడుందో చూశాకే ముల్లు చూసేవాణ్ని. గని కార్మికులకు భోజనం డబ్బాలు పంపే మా పెద్దమ్మ కూతురికి ఆర్డర్ల వెబ్‌సైటు చేసిచ్చాను. పేరు, చోటు, షిఫ్టు అడగడానికి మూడు గడులెందుకు దండగ అని (బేరం రక్తంలోనే ఉంది) ఒకే గడి పెట్టి, మధ్య మధ్య కామాలు పెట్టి రాయమన్నాను. ప్రోగ్రాము కామా ఉన్నచోటల్లా కోసి, మూడో ముక్కను షిఫ్టు అనుకునేది. అది అర్థం కాకపోతే నైట్ షిఫ్టులో వేసేది.

వారం తిరగకముందే సెకండ్ షిఫ్టు డబ్బాలు రాత్రిపూట చేరడం మొదలైంది. మధ్యాహ్నం ఖాళీ కడుపుతో డ్యూటీకి పోయినవాళ్లు మరునాడు వీధి చివర మెస్ నడిపే కాక దగ్గర తేలేవారు. "నీ కంప్యూటర్ అచ్చినంక ఉన్నోళ్లు గూడ పోతున్నరు తమ్మీ. ఆదివారం దాక చూస్త. గట్లనే ఉంటే పొయ్యి ఆర్పుడే," అంది అక్క. నా అనుమానం కాక మీదికే పోయింది. మా డబ్బాలు మోసే ఆటో అతనికి ఆయన చాయ్ పోయించడం కళ్లారా చూశాను. ఊరికే ఎవరు పోయిస్తారు?

దొంగను పట్టడానికి దొంగ పేరుతో నేనే సెకండ్ షిఫ్టు డబ్బా ఒకటి చెప్పాను. మా దగ్గర చోటు చెప్పడమంటే క్వార్టర్ నంబరు చెప్పడం కాదు (నంబరు అడిగేవాడు వసూలుకు వచ్చినట్టే), గుర్తులు చెప్పడం. నేనూ "మెస్ ఎదురుగా, నీళ్ల ట్యాంకు పక్కన" అని రాసి, ఆ ట్యాంకు నీడలో కాపు కాశాను. డబ్బా రాలేదు. కాక వచ్చాడు, చేతిలో అన్నం ప్లేటుతో.

"పొద్దటి సంది నా పొయ్యి దిక్కే చూస్తున్నవ్. సాంబారు ఎట్ల చేస్తనో నేర్సుకుంటున్నవా, ఆకలైతున్నదా?"

ఏం కలిపాడో ఏమో. "ముందు నువ్వొక ముద్ద తిను కాకా," అన్నాను. ఆయన నిదానంగా రెండు ముద్దలు తిని, ప్లేటు నా ఒళ్లో పెట్టాడు. తింటూనే అక్కకు ఫోన్ చేసి, నేను పెట్టిన దొంగ పేరు చెప్పి, ఆ డబ్బా ఏమైందని అడిగాను.

"గా పేరు మీదిది నైట్ షిఫ్టు డబ్బా గదరా. ఇంక బియ్యమే పెట్టలే," అంది అక్క.

ప్లేటు పక్కన పెట్టి, ఫోన్లోనే ఆ ఆర్డరు తెరిచి చూశాను. నా చోటును కామా దగ్గర రెండుగా కోసి, "నీళ్ల ట్యాంకు పక్కన"ను షిఫ్టు అనుకుంది నా ప్రోగ్రాము. వివరంగా చోటు చెప్పిన ప్రతి మర్యాదస్తుణ్నీ అలాగే పస్తు పెట్టింది. ఆ సాయంత్రమే మూడు గడులు పెట్టాను. ఆదివారం అక్క పొయ్యి ఆరలేదు. పరాయివాడి సాంబారును వాసన చూసి చూసి తిన్న ఆ కుర్రాణ్ని ఇప్పుడు తలుచుకుంటే తిట్టబుద్ధి కాదు, పక్కన కూర్చుని ఇంకో గరిటె వడ్డించబుద్ధవుతుంది. నేను ముందు ఒక ముద్ద తినందే వాడు ముట్టడనుకోండి.