పంకాలు తిరిగిన ఎండాకాలం

పోయిన వారం మా వంటింట్లో కొత్తగా పెట్టిన ఎల్‌ఈడీ బల్బు మినుకుమినుకుమంటుంటే, విప్పి చూద్దామని స్టూలెక్కబోయాను. ఎక్కేముందు భుజం మీది తువ్వాలు తీసి చేతికి చుట్టుకున్నాను. అది చూసి మా కోడలు నవ్వింది. "అది కాలదు మామయ్యా, ఉత్త చేత్తోనే తీయొచ్చు" అంది. నిజమే, ముట్టుకుంటే చల్లగానే ఉంది. పొద్దుటి నుంచి వెలుగుతున్న దీపం చల్లగా ఉండడం నాకింకా వింతే. వయసులో ఉన్నప్పుడు నేను బతికిన గదిలో బల్బంటే నెత్తిమీద వేలాడే కుంపటి.

అప్పటి దుబాయ్ ఇప్పటి దుబాయ్ కాదు. డేరా అనే పేటలో అబ్రా పడవలు ఆగే రేవు, దాని వెనక బజార్లు, అవి దాటి కొంత దూరం పోతే ఇసుకే. ఆ ఇసుకలో మా క్యాంపు. ప్లైవుడ్ గోడలు, పైన రేకులు, ఒకదాని మీద ఒకటి ఇనుప మంచాలు. ఊరి కరెంటు ఇంకా అక్కడికి రాలేదు. ఉన్నదల్లా ఒక డీజిల్ జనరేటర్. అది దగ్గుతూ, మూలుగుతూ, ముసలి ఎద్దులాగా క్యాంపును లాగేది. ప్రతి గదిలో రెండు పెద్ద బల్బులుండేవి. పైన పంకా కూడా ఉండేది, కానీ తిరిగేది కాదు. అన్ని పంకాలు వేస్తే జనరేటర్ ఆగిపోతుంది. కొత్త జనరేటర్ వస్తుందని మా ముదీర్, అంటే క్యాంపు బాధ్యత చూసే పెద్ద అధికారి, అడిగినప్పుడల్లా ఇన్షా అల్లా, దేవుడి దయ, అనేవాడు. అందాకా మేము ఆ పంకా రెక్కలకు బనియన్లు ఆరేసుకున్నాం. పగలంతా కాలిన రేకులు సాయంత్రానికి లోపలికి సెగ కక్కేవి. దానికి తోడు ఆ రెండు బల్బులు. మంచం పట్టెలు కూడా ముట్టుకోనిచ్చేవి కావు. చాప తడిపి దాని మీద పడుకుంటే, ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిరిగేలోపు ఆరిపోయేది.

మా అక్క మొగుడు, మా బావ, సైటులో ఎలక్ట్రీషియన్. నన్ను జగిత్యాల దగ్గరి మా ఊరి నుంచి అక్కడికి రప్పించింది ఆయనే. మాట తక్కువ మనిషి. ఏదన్నా ఆలోచన పట్టుకుంటే మాత్రం బియ్యంలో రాళ్లేరినట్టు దాన్నే పట్టుకుని కూర్చునేవాడు. ఒకరోజు అన్నం ముందు కూర్చుని పైకి చూస్తూ అన్నాడు: "ఈ బల్బులు ఎలుగు కన్నా వేడే ఎక్కువిస్తున్నయి. రెండు బల్బులు తీసి ఒక ట్యూబ్‌లైట్ పెడితే, పంకా తిరిగేంత కరెంటు మిగుల్తది." మాకు నవ్వొచ్చింది. వెలుతురు తగ్గకుండా కరెంటు ఎట్లా మిగులుతుందో మాలో ఎవరికీ ఎక్కలేదు. పైగా ట్యూబ్‌లైటంటే మాకు ఆసుపత్రే గుర్తొచ్చేది. ఆ తెల్లటి వెలుతురులో మొహాలు పాలిపోయినట్టు కనిపిస్తాయని కొందరన్నారు. బావ ఒక గదిలో మారిస్తే లాభం లేదని, క్యాంపంతా మారిస్తేనే పంకాలన్నీ తిరుగుతాయని చెప్పాడు. దాంతో మాట అక్కడే ఆగిపోయింది. క్యాంపంతా ఒక్క మాట మీదికి రావడం ఎన్నడైనా జరిగిందా!

అందరికన్నా గట్టిగా కాదన్నది పక్క గదిలో ఉండే గోదావరి జిల్లా బాబాయి. ఆయన మేస్త్రీ. మమ్మల్నందరినీ అల్లుడని పిలిచేవాడు కానీ మేమే ఆయన్ని బాబాయిని చేశాం. మంచం కింద చెక్కపెట్టెలో కోడిపిల్లల్ని పెంచేవాడు. వాటికి బల్బు ఉండాల్సిందే. వాళ్ల ఊళ్లో అలాగే పెంచుతారట. ఈ ఎండకు పిల్లలకు బల్బు వేడి దేనికని బావ అడిగితే, కోళ్ల సంగతి కరెంటువాళ్లకేం తెలుసని పక్కకు తిరిగి పడుకునేవాడు.

ఇంతలో మా గదిలోని పెద్దన్న పడిపోయాడు. మాకందరికీ పెద్దవాడు కాబట్టి ఆయన్ని అలా పిలిచేవాళ్లం. సైటులో ఇనుప కమ్మీలు కట్టే పని. నెమ్మదిగా మాట్లాడేవాడు, ఎవరికి జ్వరం వచ్చినా తలగడ దగ్గర కూర్చునేవాడు. వచ్చి ఒక ఎండాకాలమైనా నిండలేదు. నిద్ర లేక లేక ఒక మధ్యాహ్నం కమ్మీల మధ్యనే ఒరిగిపోయాడు. ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించారు. చల్లగా పడుకుని నిద్రపోతే తప్ప మళ్లీ పనికి పంపొద్దని డాక్టర్ అన్నాడు. అలా నిద్రపోయే చోటు మా క్యాంపులో లేదు కాబట్టి, ఆయన్ని ఊరికి పంపడమే మేలని ముదీర్ అనుకున్నాడు. చెడ్డవాడు కాదు, మనిషికి ఏమన్నా అవుతుందని భయపడ్డాడు. క్యాంపుకు తిరిగొచ్చిన పెద్దన్న మాత్రం గోడకు తిరిగి పడుకుని, అన్నం ముట్టలేదు. "ఊర్లె ఏమని చెప్పుకోవాలె తమ్మీ, ఎండకు తట్టుకోలేక వచ్చిన్నని చెప్పుకోవాల్నా" అని నన్నొక్కసారే అడిగాడు.

ఆ సాయంత్రం బాబాయి మా గది గుమ్మంలోకి వచ్చాడు. చేతిలో లుంగీ గుడ్డలో చుట్టిన బల్బు, ఇంకా వేడిగా ఉంది. బావ ముందు పెట్టి, "ముందు నాది తీసుకో అల్లుడూ. మనిషికన్నా కోడిపిల్లలు ఎక్కువా ఏంటి?" అన్నాడు. ఆ తర్వాత కాదన్నవాళ్లు లేరు.

ముదీర్ దగ్గరికి బావ, బాబాయి కలిసి వెళ్లారు. వచ్చీరాని హిందీలో, చేతులతో, మొత్తానికి చెప్పగలిగారు. సైటులో గీతలు పడ్డాయని పక్కన పెట్టేసిన ట్యూబ్‌లైట్లు పట్టీలతో సహా గోదాములో మూలుగుతున్నాయని బావకు ముందే తెలుసు. ముదీర్, ఎవరూ అడగని సామానే కదా అని ఒప్పుకున్నాడు. శుక్రవారం సెలవు. ఆ ఒక్క పూట క్యాంపంతా నిచ్చెనల మీదే ఉంది. బనియన్లు దిగాయి, పంకాల మీది దుమ్ము దిగింది.

పొద్దు గుంకాక జనరేటర్ వేశారు. అందరం ఒక్కసారే స్విచ్చులన్నీ నొక్కేశాం. ట్యూబులు టిక్కు టిక్కుమని మినుకుమన్నాయి తప్ప వెలగలేదు. పంకాలు ఒక చుట్టు తిరిగి ఆగిపోయాయి. జనరేటర్ మూలిగింది. అంతా చీకటి. ఎవరో వెనక నుంచి మా బల్బులు మాకియ్యమన్నారు. మంచం మీద పెద్దన్న మళ్లీ గోడకు తిరిగిన చప్పుడు వినిపించింది. అన్నీ ఒక్కసారే మొదలైతే ఆ బరువు జనరేటర్ మోయలేదంటూ బావ వరస పొడుగునా నడుస్తూ, పంకాలన్నీ ఆపమని ప్రతి గదికీ చెప్పుకుంటూ పోయాడు. మళ్లీ జనరేటర్ వేశాక ముందు దీపాలు మాత్రమే వేయించాడు. అవి నిలిచి వెలిగాయి. తర్వాత ఒక్కొక్క గదిగా పంకాలు వేయించాడు. చివరి గది పంకా కూడా తిరిగింది. మొహాలు నిజంగానే పాలిపోయినట్టు కనిపించాయి, కానీ అందరూ నవ్వుతున్నారు.

పెద్దన్న ఆ రోజు పడుకున్నవాడు మర్నాడు మమ్మల్ని పనికి తీసుకుపోయే బస్సు హారన్‌కు కూడా లేవలేదు. ముదీర్ తనే చూడ్డానికి వచ్చేసరికి ఇంకా నిద్రలోనే ఉన్నాడు. గుమ్మంలో నిలబడి పైన పంకాను, కింద మనిషిని చూశాడు. మెల్లగా తలుపు వేసి "ఖలాస్" అని వెళ్లిపోబోయాడు. ఆయన వెంట అక్కడే ఉన్న బావకు ఏమీ అర్థం కాలేదట. ఖలాస్ అంటే అయిపోయిందని. ఏమయిపోయింది, కొలువా? చివరికి ధైర్యం చేసి అడిగితే, ఊరికి పంపే మాట ఖలాస్ అన్నాడట ముదీర్. సాయంత్రం ఆ మాట విని పెద్దన్న మొదటిసారి కడుపునిండా తిన్నాడు.

ఆయన ఆ తర్వాత చాలా ఏళ్లు అక్కడే పనిచేసి, తలెత్తుకుని ఊరికి వెళ్లాడు. తన కోళ్లు పెట్టిన మొదటి గుడ్లు బాబాయి ఆయనకే ఇచ్చాడు. కొత్త జనరేటర్ వచ్చింది, దాని వెనకే ఊరి కరెంటూ వచ్చింది, క్యాంపు తీసేశారు. బావ పోయి చాలాకాలమైంది. అక్కడున్నన్నాళ్లూ ఊరికి పోయే రోజు కోసం కాలాన్ని వెనక నుంచి నెట్టుకుంటూ బతికాం. అది మా మాట విని ఇంత తొందరగా వెళ్లిపోతుందని అప్పుడు మాకెవరికీ తెలియదు.