గోవిందమ్మ పిన్ని సందేహాలు

మా గోవిందమ్మ పిన్నికి సందేహం వస్తే ఆగదు, అడిగేస్తుంది. ఆగిరిపల్లిలో స్తంభమెక్కిన లైన్‌మ్యాన్‌ని కిందనుంచి పిలిచి, "బాబూ, కరెంటు పోయినప్పుడు తీగలో మిగిలింది ఎటు పోద్ది?" అనడిగింది. అతను జవాబు వెతుక్కుంటూ ఉండిపోయాడు, ఊరంతా ఉక్కలో ఉడికింది. మామిడితోట కొనడానికొచ్చిన వ్యాపారిని, "కాయ టెంక దగ్గర్నించి మాగుద్దా, తొక్క దగ్గర్నించా?" అని పట్టుకుంటే అతను బండెక్కి రెడ్డిగూడెం పారిపోయాడు.

పిన్నికి సొంత అక్క మా అమ్మ సవరమ్మ. ఇద్దరి వాటా మాటలూ చెల్లెలే వాడేసుకుందేమో, అమ్మ పెదవి విప్పదు.

కిందటేడు అమ్మకి పొత్తికడుపులో, బాగా లోతున గడ్డ ఉందని తేలింది. క్యాన్సర్. రేడియేషన్‌తో పాటు, రేడియో తరంగాలతో గడ్డని వేడిచేసే వైద్యం కూడా చేద్దామన్నారు హైదరాబాదులో డాక్టర్లు. ఆ మిషను చూసి నేనూ, అన్నయ్య కిషోర్ బాబూ బిక్కచచ్చిపోయాం. పిన్ని మాత్రం కుర్చీ లాక్కుంది.

"ఏమ్మా రోజీ," అంది మిషను నడిపే అమ్మాయితో, "లోపల గడ్డ వేడెక్కేలోపు పైన చర్మం కాలదూ?"

"కాలదండీ. పైన చల్లటి నీళ్ల సంచి పెడతాం."

"ఎంత వేడి?"

"గట్టి జ్వరం కంటే ఇంకాస్త ఎక్కువ."

"అంతమాత్రానికే గడ్డ చస్తుందా?"

"అదొక్కటే చాలదండీ. వేడి తగిలిన గడ్డ మీద రేడియేషన్ ఇంకా బాగా పనిచేస్తుంది. ఎక్కడన్నా మండితే మాత్రం వెంటనే చెప్పాలి."

"మరి రేడియో అంటున్నారు, పాటలొస్తాయా?"

రోజీ నవ్వాపుకోలేక పక్కకి తిరిగింది. అన్నయ్య సిగ్గుతో నేలచూపులు చూశాడు.

వెళ్లిన ప్రతిసారీ ఇదే వరస. చివరికి అన్నయ్య, "పిన్నీ, నీకు దణ్ణం పెడతా. ఇవాళ ఒక్క ప్రశ్న కూడా వద్దు. వాళ్లని పని చేసుకోనీ," అన్నాడు.

పిన్ని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కూర్చుంది. మిషను మొదలైంది. కాసేపటికి అమ్మ పిడికిళ్లు బిగిశాయి. రోజీ "బాగానే ఉందా అమ్మా?" అంటే తలూపింది గానీ, కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

పిన్ని కొంగు తీసేసింది. "అక్కా, ఎక్కడ మండుతుంది?"

"కుడిపక్కనే... నిప్పు పెట్టినట్టుంది."

రోజీ గబుక్కున వేడి తగ్గించి సంచి సర్దింది. "చెప్పాలి కదమ్మా!"

"మీరు పనిలో ఉన్నారు గదా అని," అంది అమ్మ.

బయటికొచ్చాక, మంట సంగతి ముందే చెప్పలేదేమని అన్నయ్య కోప్పడబోతే అమ్మే అంది: "పెద్ద డాక్టర్ల ముందు నాకు గొంతు పెగలదురా. దారి పొడుగునా నా భయాలన్నీ దీనికి చెప్పుకుంటా. అదేమో తన సందేహాలన్నట్టు అడిగిపెడుద్ది."

"మరి పాటల సంగతి?" అన్నాడు అన్నయ్య.

"అది నాదేలే," అంది పిన్ని. "నాకంటూ ఒకటుండొద్దా?"

తర్వాతి విడత నుంచి పిన్నికి అన్నయ్యే కుర్చీ వేశాడు.

వైద్యం పూర్తయింది. మొన్న పరీక్షలు చూసి, గడ్డ బాగా కరిగిందన్నారు డాక్టరుగారు. "ఇంకేమైనా అడగాలా?" అన్నారు. మేమంతా పిన్ని వైపు చూశాం. గొంతు సవరించుకున్నది మాత్రం అమ్మ.

"మా చెల్లికి మోకాలు నొప్పండీ. నాతో తిరిగి తిరిగి ఇంకా ఎక్కువైంది. ఊళ్లోవాళ్ల సంగతులన్నీ అడుగుద్ది గానీ తన సంగతి ఎవర్నీ అడగదు. కాస్త చూస్తారా?"

డాక్టరుగారు బల్ల చూపించారు. పిన్ని మారుమాట లేకుండా వెళ్లి, సిగ్గుపడుతూ కాలు చాపింది.