కుడిరెప్పకు ఎంత బిగువు

జహీరాబాద్ ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో కొత్త బండిని ట్రాక్ మీద తిప్పి చూడడం నా పని. కుడి రెప్ప సగానికి వాలిపోయాక ఆ పని నా చేతిలోంచి పోయింది. స్టోర్‌లో కూర్చోబెట్టారు. ఎదురుగా వచ్చేవాడి తల కనబడాలంటే గడ్డం ఎత్తి, కనుబొమలు నెత్తికెక్కించి చూసేవాణ్ణి.

"ఏం చెప్పినా నమ్మనట్టు గట్ల చూస్తవేంది?" అని నా భార్య కసురుకునేది.

నాకు ఒళ్లు మండేది. చూపు దివ్యంగా ఉంది, అడ్డం పడిందల్లా ఒక తోలుముక్క.

హైదరాబాద్‌లో కళ్ల డాక్టరమ్మ బొమ్మ గీసి చూపించింది. రెప్పంటే ఉత్త తోలు కాదట. తోలు కింద కన్ను మూసే కండరం, ఇంకా లోపల రెప్పను ఎత్తే కండరం. ఈ ఎత్తే కండరం చివర పలచని పట్టీలా సాగి, రెప్ప అంచున ఉండే గట్టి పలకను పట్టుకుని ఉంటుంది.

"మీ కండరం బలంగానే ఉందండీ. పట్టీ పలక మీంచి జారింది. మళ్లీ కుడతాను" అంది.

అంటే ఇంజన్ బాగానే ఉంది, క్లచ్ వైరు వదులైంది. నాకు ప్రాణం లేచొచ్చింది. వెంటనే ఫ్యాక్టరీ బుద్ధి బయటపెట్టాను.

"జర ఎక్కువనే గుంజి కుట్టున్రి మేడం. వాడంగ వాడంగ వదులైతది గద."

"అంత లాగితే నిద్రలో కూడా కన్ను మూతపడదు. నల్లగుడ్డు ఎండి పుండు పడుతుంది" అని నవ్వింది.

ఆపరేషన్ నాడు మత్తు రెప్ప వరకే ఇచ్చారు. సగం కుట్టాక నన్ను లేపి కూర్చోబెట్టి, మామూలుగా చూడమంది. అలవాటుగా నా కనుబొమలు పైకి పోయాయి. కనుబొమలు ఎత్తి ఉన్నప్పుడు కుట్టు బిగువు కొలిస్తే తర్వాత రెప్ప కిందికే ఉండిపోతుందట. ఆమె బొటనవేలితో నా నుదురు నొక్కిపట్టి, "ఇప్పుడు చూడండి" అంది. రెప్ప తనంతట తాను లేచింది. గదంతా కనబడింది. నాకు ఏడుపొచ్చేసింది. కుట్లున్నాయి, ఏడవొద్దని గదిమింది.

వాపు పూర్తిగా తగ్గాక సూపర్‌వైజర్ నన్ను ట్రాక్ మీదికి తీసుకుపోయాడు. మడ్‌గార్డ్ మీద కూర్చుని ఒక చుట్టు నడిపించి, దిగి, "మంచిగ నడిపినవ్. రేపటి సంది బండ్లు నీవే" అన్నాడు.

ఆ బండికి ఇంకో చుట్టు అవసరం లేకపోయినా మళ్లీ ముందుకు పోనిచ్చాను. ఆయన ఆపమని చేతులూపుతూనే ఉన్నాడు. కనబడలేదని చెప్పడానికి ఇక వీల్లేదు, అయినా ఆపలేదు.