అంజినమ్మ రెండున్నర అంగుళాలు

అంజినమ్మకు అరవై ఒకటో ఏడు నడుస్తోంది. అందులో ఆఖరి ముప్పై ఏళ్ళలో ఆమె మడమ నేలకు ఆనగా చూసిన మనిషి బెంగళూరు చిక్కపేటలో లేడు. ఎండైనా వానైనా, పండగైనా బందైనా, ఆమె మడమకూ నేలకూ మధ్య రెండున్నర అంగుళాల ఎడం ఉండి తీరాలి. నలభై ఏళ్ళప్పుడు అది మూడున్నర ఉండేదట. ప్రభుత్వం సబ్సిడీలు తగ్గించినట్టు పదేళ్ళకో అర అంగుళం చొప్పున తగ్గిస్తూ వచ్చింది. ఆమె జీవితంలో చప్పుడు లేకుండా చేసిన పని అదొక్కటే.

ఊరు అత్తిబెలె. నుదుట రూపాయి బిళ్ళంత కుంకుమ, ముడిలో కనకాంబరాలు, గంజి పెట్టిన నూలుచీర. కుచ్చిళ్ళ కింద మాత్రం మెరూన్ రంగు ఎత్తుమడమల చెప్పులు. పైనుంచి చూసినవాళ్ళు ‘అవ్వా’ అనబోయి, చూపు కిందికి దిగేసరికి ‘మేడమ్’ అని సర్దుకునేవాళ్ళు. చిక్కపేట సందుల్లో మూటలు మోసే హమాలీలు ఎవరికీ దారివ్వరు. వెనక టకటక వినబడితే మాత్రం గోడకు ఒదిగి నిలబడేవాళ్ళు. మంత్రిగారి కారుకు కూడా ఆ మర్యాద దక్కలేదు.

దామోదర్ పట్టుచీరల షోరూములో నాలుగో కౌంటరు అంజినమ్మది. మూడోది నేత్రావతిది. ఆ పిల్లకు ఇరవై ఆరేళ్ళు, పనిలో చేరి రెండేళ్ళు. చేరిన రోజే, ఈ వయసులో ఇవి వేసుకుని ఎలా నిలబడతావక్కా అని అడిగి పొరపాటు చేసింది. ఆ ప్రశ్నకు జవాబు మూడు రోజులు సాగింది.

చెప్పులు సాయంత్రమే కొనాలి, ఎందుకంటే పొద్దుటి పాదం అబద్ధం చెబుతుంది, పొద్దుగూకేసరికి ఉబ్బి అసలు సైజు బయటపెడుతుంది. పెన్సిల్ మడమలు పెళ్ళికూతుళ్ళకు, వయసైనవాళ్ళకు ఇటుకలాంటి మడమ ఉండాలి. చీలమండకు పట్టీ, ముందుపాదం కింద మెత్త తప్పనిసరి. మెట్రో స్టేషన్లో కదిలే మెట్లు ఎక్కకూడదు, మామూలు మెట్లు మునివేళ్ళ మీద ఎక్కితే పిక్కలు గట్టిపడతాయి. ఇల్లు చేరగానే అప్పడాల కర్ర మీద పాదాలు పది నిమిషాలు దొర్లించాలి.

ఆ కర్రతోనే చపాతీలు కూడా చేస్తారా అని నేత్రావతికి అనుమానం వచ్చింది. అడిగితే, “మా ఇంట్లో రాగిముద్దేలే” అన్నది అంజినమ్మ.

ఒకసారి ఎముకల డాక్టరమ్మ ఒకావిడ చీర కొనడానికి వచ్చి, ఈ వయసులో ఇవి ప్రమాదమని మెల్లిగా హెచ్చరించింది. అంజినమ్మ వినయంగా తల ఊపి, ఆవిడ చేత చదును చెప్పులు విప్పించి, మడమల పగుళ్ళు చూసి జాలిపడి, ఎక్కడ ఏ నూనె రాయాలో చెప్పి, ఒక్క చీరకు వచ్చిన మనిషికి రెండు అంటగట్టి పంపింది. నొప్పి అన్న మాట ఆమె దగ్గర ఎత్తకూడదు. “నొప్పా? అది చదును చెప్పులోళ్ళ రోగమప్పా” అనేది. ముప్పై ఏళ్ళుగా కాపాడుకున్న పరువు అది. జ్వరమొస్తే ఒప్పుకునేది, కాలు నొప్పి అని మాత్రం ఒప్పుకునేది కాదు.

షోరూము యజమాని దామోదర్‌కు ఈ చెప్పుల పిచ్చి బాగా కలిసొచ్చింది. ఆయన ప్రతి శనివారం ఫోను ఎదుట లైవ్ పెట్టి చీరలు అమ్ముతాడు. ఒకసారి అంజినమ్మ చెప్పులు తెరమీద పడ్డాయి. అంతే, ఆమె ‘హీల్స్ అవ్వ’ అయిపోయింది. చీరల కోసం పది మంది చూస్తే, చెప్పుల కోసం వంద మంది చూడసాగారు. అవ్వ అన్నందుకు ఆమె వారం రోజులు అలిగింది. అయినా లైవ్ మానలేదు.

దామోదర్ చెడ్డవాడు కాదు. కాకపోతే ఒకసారి పెద్ద హోటల్లో రెండు రోజుల శిక్షణకు వెళ్ళొచ్చాడు. మెత్తటి కుర్చీలో కూర్చుని ఆయన అక్కడ నేర్చుకున్నదేమిటంటే, అమ్మేవాళ్ళు నిలబడి ఉంటేనే కొనేవాళ్ళకు ఉత్సాహం వస్తుందని. తిరిగొచ్చిన రోజే కౌంటర్ల వెనక స్టూళ్ళు మాయమయ్యాయి. పొద్దున పదింటి నుంచి రాత్రి ఎనిమిదింటి దాకా, భోజనానికి ఇచ్చే అరగంట తప్ప, అందరూ నిలబడే ఉండాలి. ఆయన తన గదిలో కూర్చుని కెమెరాల్లో ఈ ఉత్సాహాన్ని గమనిస్తుంటాడు. ఎవరైనా కాస్త ఒరిగితే పైకప్పులోని స్పీకరు పలుకుతుంది, “రెండో కౌంటర్, నిటారుగా” అని. గుళ్ళో దేవుడు కూడా ఇంత శ్రద్ధగా చూడడు.

నేత్రావతికి అయిదో నెల వచ్చింది. మధ్యాహ్నానికల్లా కాళ్ళు ఉబ్బిపోయేవి. భర్త దేవరాజ్ పనిచేసే ఫ్యాక్టరీ మూతపడి మూడు నెలలైంది కాబట్టి ఎనిమిదో నెల దాకా ఎలాగైనా లాగాలని ఆమె పంతం. అన్నిటికంటే కింది అరలో జాకెట్ గుడ్డలు వెతుకుతున్నట్టు గొంతుక్కూర్చోవడం నేర్చుకుంది. కెమెరాకు కౌంటరు అడ్డం.

వారం గడిచాక స్పీకరుకు సందేహం వచ్చింది. “మూడో కౌంటర్, రోజుకు పదకొండు సార్లు ఏం వెతుకుతున్నావు?” అని అందరి ముందూ అడిగింది. నేత్రావతి నిజం చెప్పేసింది. దామోదర్ గదిలోకి పిలిచి మనస్ఫూర్తిగా సంతోషించాడు. మైసూరుపాకు పొట్లం చేతిలో పెట్టాడు. ఇలాంటప్పుడు నిలబడటం బిడ్డకు మంచిది కాదని, సోమవారం నుంచి రావద్దని, కాన్పు అయ్యాక చూద్దామని చెప్పాడు. ఉద్యోగం పోయినందుకు మిఠాయి అందుకున్నది బహుశా ఆ పిల్ల ఒక్కతే.

నేత్రావతి కౌంటరుకు వచ్చి ఏడుస్తూ చెబితే, అంజినమ్మ అంతా విని ఒక్కటే అడిగింది.

“రేపు లైవ్ ఎన్ని గంటలకు?”

నేత్రావతి మనసు చివుక్కుమన్నది. తన బతుకు కూలిపోతుంటే ఈమెకు చెప్పుల ప్రదర్శన ముఖ్యమైందని కోపం వచ్చింది. ఆ రోజంతా అటు తిరిగి మాట్లాడలేదు.

మర్నాడు నాలుగింటికి లైవ్ మొదలైంది. చూసేవాళ్ళు రెండువేలు దాటారు. దామోదర్ హుషారుగా, ఈ వయసులో ఎత్తుమడమల రహస్యమేమిటో చెప్పమన్నాడు. అంజినమ్మ సాయంత్రపు పాదం దగ్గర మొదలుపెట్టి అప్పడాల కర్ర దాకా వరసగా చెప్పుకొచ్చింది. తర్వాత ఆగింది. కొంగు సర్దుకుంది.

“అన్నిటికన్నా పెద్ద గుట్టు ఒకటుండాదప్పా. ఇన్నేండ్లు ఎవురికీ చెప్పలేదు. నాకు కాళ్ళు నొప్పి. శానా నొప్పి.”

నేత్రావతి చేతిలోని చీర జారింది. మిగతా కౌంటర్లవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“ముప్పావు గంట నిలబడితే పది నిమిషాలు కూసోవాల. అట్ల కూసోకుంటే ఏ చెప్పులేసినా ఒకటే. ఇది తెలిసే మా దామోదరప్ప కౌంటరుకొక స్టూలు ఏపిస్తా ఉండాడు. ఇదో, ఈ నేత్రావతికి అయిదో నెల. వేరేవాళ్ళయితే పనిలోనుంచి తీసేస్తారు. ఈయన, నువ్వు కూసోనే పని చెయ్యమ్మా, ఎనిమిదో నెల దాకా రా అన్నాడు. అంత మంచి మనిషి.”

ఆ మంచి మనిషి నోరు తెరిచాడు. తెరమీద హృదయాలు ఎగురుతున్నాయి, జోడించిన చేతులు వరస కడుతున్నాయి. ఇలాంటి యజమాని దగ్గరే మా ఇంటి పెళ్ళిచీరలన్నీ అని రాజాజీనగర్ నుంచి ఒకావిడ రాసింది. యజమానిని చూపించండి అని ఇంకొకరు, స్టూలు చూపించండి అని మరొకరు. తెరిచిన నోటిని ఎలా మూయాలో తెలియక దామోదర్ దాన్ని నవ్వుగా మార్చుకున్నాడు.

స్టూలు ఎక్కడిది? ఆ షోరూములో అమ్మేవాళ్ళ వైపున కుర్చీ ఉన్నది అద్దాల అరలో కూర్చున్న పెళ్ళికూతురు బొమ్మకొక్కదానికే. దామోదర్ పరుగున వెళ్ళి బొమ్మను గోడకు ఆనించి, కుర్చీ తెచ్చి వేశాడు. అంజినమ్మ రెండువేల మంది ఎదుట దర్జాగా కూర్చుంది. మిగతావి సోమవారానికల్లా వచ్చేస్తాయని దామోదర్ తన నోటితోనే చెప్పాడు. నేత్రావతి సంగతి నిజమేనా అని ఎవరో అడిగితే, “అవును, అన్నాను” అన్నాడు, ఎప్పుడన్నాడో ఆయనకే తెలియకుండా.

సోమవారం అయిదు స్టూళ్ళు వచ్చాయి. నెల తిరక్కుండా దామోదర్, సిబ్బంది కూర్చుంటే అమ్మకం ఎలా పెరుగుతుందో వర్తకుల సమావేశంలో ఉపన్యాసం కూడా ఇచ్చాడు. వినేవాళ్ళందరూ కూర్చునే విన్నారు.

నష్టపోయింది అంజినమ్మ ఒక్కతే. ముప్పై ఏళ్ళ పరువు ఒక్క సాయంత్రంలో పోయింది. షోరూముకు వచ్చే ప్రతి ఆడమనిషీ ఆమె కాళ్ళవైపు జాలిగా చూసేది. ఒకరు వేడినీళ్ళ సంచి తెచ్చారు, ఒకరు కేరళ తైలం, ఇంకొకరు మోకాలి పట్టీ. అన్నీ అందుకుని, మొహం గంటుపెట్టుకుని కౌంటరు కింద పడేసేది.

ఒక మధ్యాహ్నం స్టూలు మీద కూర్చుని చీరలు మడత పెడుతున్న నేత్రావతి ఉండబట్టలేక అడిగింది.

“నిజంగా అంత నొప్పి ఉండాదా అక్కా?”

“నొప్పా? నాకా?” అంజినమ్మకు నిజంగానే కోపం వచ్చింది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. “నీ కాళ్ళు నొప్పి అంటే ఒక్కడూ ఇనలేదు కదే. నా చెప్పులు నొప్పి అంటే రెండువేల మంది ఇన్నారు.”

నేత్రావతికి కళ్ళు తుడుచుకోబోతే నవ్వు వచ్చింది. అంజినమ్మ తన స్టూలును ముందుకు జరిపి, ఆ పిల్ల ఉబ్బిన కాళ్ళు రెండూ ఎత్తి దానిమీద పెట్టింది. అప్పుడే లోపలికొస్తున్న కస్టమరుకు ఎదురుగా టకటకా నడిచి వెళ్ళిపోయింది.